ప్లాస్టిక్ గిటార్ నుంచి అసలు గిటార్ దాకా: మ్యూజిక్ గేమ్స్ ఎంతవరకు తీసుకెళ్తాయి?

క్లుప్తంగా: మ్యూజిక్ వీడియో గేమ్స్ కుర్రకారులో వాయిద్యం నేర్చుకోవాలన్న కోరిక పుట్టించగలవు. దానికి ఆధారాలున్నాయి, కానీ అవి ఎక్కువగా ఆడేవాళ్లు తమ గురించి తాము చెప్పుకున్న మాటలే. గేమ్‌లో అబ్బిన నేర్పు అసలు వాయిద్యానికి ఎంత పనికొస్తుందన్నది వాయిద్యాన్ని బట్టి మారుతుంది. డ్రమ్స్‌కి, పాటకి బాగానే పనికొస్తుంది, గిటార్‌కి చాలా తక్కువ. కోరిక పుట్టిన రోజుకీ, వాయిద్యం మీద చేయి తిరిగే రోజుకీ మధ్య ఉండే కష్టమైన నెలలను మాత్రం గేమ్ దాటించలేదు.

ప్రశ్న ఎక్కడ మొదలైంది

2005 నవంబర్‌లో ప్లేస్టేషన్ 2 కోసం గిటార్ హీరో విడుదలైంది. డిస్క్‌తో పాటు పెట్టెలో చిన్న ప్లాస్టిక్ గిటార్ వచ్చేది. దానికి తీగలు లేవు. మెడ మీద ఐదు రంగుల బటన్లు, తీగలు మీటాల్సిన చోట పైకీ కిందికీ కదిలే ఒక పట్టీ, అంతే. స్క్రీన్ మీద రంగు రంగుల బిళ్లలు దారి వెంట జారుకుంటూ వస్తాయి. గీతను తాకే క్షణంలో ఆ రంగు బటన్ నొక్కి పట్టీ కదపాలి. టైమింగ్ కుదిరితే పాటలో గిటార్ వినిపిస్తుంది. తప్పితే మిగతా బ్యాండ్ సాగుతూనే ఉంటుంది, గిటార్ మాత్రం ఆగిపోతుంది. గేమ్ కిటుకంతా ఈ చివరి ఏర్పాటులోనే ఉంది. ఎప్పుడో స్టూడియోలో ఎవరో వాయించి రికార్డు చేసిన గిటార్, ఆడేవాడికి తన చేతి కిందే మోగుతున్నట్టు అనిపిస్తుంది.

ఇలాంటి ఆటలు అంతకు ముందూ ఉన్నాయి. జపాన్‌లో 1996లో పరాపా ది రాపర్, 1997లో కొనామీ తెచ్చిన బీట్‌మేనియా, ఆ తర్వాత గిటార్ ఆకారంలో ఒకటి, డ్రమ్స్ ఆకారంలో ఒకటి ఆర్కేడ్లలో బాగా ఆడాయి. గిటార్ హీరోని తయారుచేసిన హార్మోనిక్స్ సంస్థను 1995లో ఎంఐటీ మీడియా ల్యాబ్ నుంచి వచ్చిన అలెక్స్ రిగోపులస్, ఎరాన్ ఎగోజీ స్థాపించారు. వాయిద్యం రానివాళ్లకు కూడా సంగీతం వాయించే ఆనందం అందించాలన్నది వాళ్ల ఉద్దేశం. తర్వాత జరిగిన వాదనల్లో చాలామంది ఈ సంగతి మర్చిపోయారు. ఈ ఆటలు పుట్టింది వాయిద్యం నేర్పడానికి కాదు. నేర్చుకునే ఓపిక, తీరిక లేనివాళ్ల కోసం.

2007లో హార్మోనిక్స్ రాక్ బ్యాండ్ తెచ్చింది. గిటార్, బేస్ (మంద్రస్వరాల గిటార్), డ్రమ్స్, మైక్ అన్నీ కలిపి నలుగురు ఒకే గదిలో ఆడుకునే ఏర్పాటు అది. అదే ఏడాది వచ్చిన గిటార్ హీరో మూడో భాగం అమ్మకాలు 100 కోట్ల డాలర్లు దాటాయని దాన్ని ప్రచురించిన యాక్టివిజన్ ప్రకటించింది. 2009లో బీటిల్స్ పాటలతో ప్రత్యేకంగా ఒక రాక్ బ్యాండ్ వచ్చింది. ఆ ఊపు ఎంత వేగంగా వచ్చిందో అంత వేగంగానూ పోయింది. ఏడాదికి నాలుగైదు భాగాలు, ప్రతిదానికీ ఖరీదైన పరికరాలు, పైగా ఆర్థిక మాంద్యం. 2011 ఫిబ్రవరిలో యాక్టివిజన్ తన గిటార్ హీరో విభాగాన్నే మూసేసింది.

ఆ ఐదారేళ్లలోనే రెండు వాదనలు స్థిరపడ్డాయి. వాయిద్యం పట్టని పిల్లలు కూడా వీటివల్ల సంగీతం వైపు వస్తున్నారన్నది ఒకటి. నిజంగా నేర్చుకోవడానికి పెట్టాల్సిన గంటలను ఇవి మింగేస్తున్నాయన్నది రెండోది. జిమ్మీ పేజ్, జాక్ వైట్ లాంటి పేరున్న గిటారిస్టులు ఈ ఆటల మీద బాహాటంగానే పెదవి విరిచారు.

సర్వేలు చెప్పింది, చెప్పనిది

మొదటి వాదనకు బలంగా చూపించేది 2008లో బ్రిటన్‌కు చెందిన యూత్ మ్యూజిక్ అనే స్వచ్ఛంద సంస్థ వెలువరించిన పరిశోధన. మూడేళ్ల నుంచి 18 ఏళ్ల లోపు వాళ్లలో సగానికి పైగా మ్యూజిక్ గేమ్స్ ఆడుతున్నారని, ఆడేవాళ్లలో ఐదింట ఒక వంతు ఆ ఉత్సాహంతో ఇప్పుడు ఏదో ఒక వాయిద్యం వాయిస్తున్నామన్నారని అది తేల్చింది. దాదాపు అదే సమయంలో అమెరికాలో వాయిద్యాలమ్మే పెద్ద గొలుసు సంస్థ గిటార్ సెంటర్ కూడా ఒక సర్వే చేయించింది. ఈ ఆటలు ఆడుతూ వాయిద్యం రానివాళ్లలో సుమారు మూడింట రెండు వంతుల మంది, రెండేళ్లలో నేర్చుకోవడం మొదలుపెట్టే అవకాశం ఉందని అందులో చెప్పారు.

రెండు సంఖ్యలూ ఆకర్షణీయమైనవే. రెండూ ఒకే విషయాన్ని కొలవడం లేదన్నది మాత్రం చూడాలి. మొదటిది చేశామన్నవాళ్ల లెక్క. రెండోది చేస్తామన్నవాళ్ల లెక్క. ఈ రెంటికీ మధ్య దూరం ఎంతో కొత్త సంవత్సరం తీర్మానాలు చేసుకున్న ఎవరికైనా తెలుసు. సర్వే ఎవరు చేయించారన్నదీ చిన్న విషయం కాదు. గిటార్లమ్మే సంస్థకు, గేమర్లు రేపటి కొనుగోలుదారులే అన్న వార్త ఎంతో అనుకూలమైనది.

అంతకంటే చిక్కైనది కార్యకారణ సంబంధం. గేమ్ ఆడటం వల్ల సంగీతం మీద మోజు కలిగిందా, సంగీతం మీద మోజు ఉన్నవాళ్లే ఈ గేమ్ ఎంచుకున్నారా? ఈ ఆటలు ఆడేవాళ్లను దగ్గరగా గమనించిన బ్రౌన్ యూనివర్సిటీ సంగీత పరిశోధకురాలు కిరి మిల్లర్‌కు, వాళ్లలో చాలామందికి అప్పటికే ఎంతో కొంత వాయిద్య పరిచయం ఉన్నట్టు కనిపించింది. పైగా పదేళ్ల నుంచి 16 ఏళ్ల వయసులో, గేమ్ ఉన్నా లేకపోయినా, ఏదో ఒక వాయిద్యాన్ని కొన్నాళ్లు పట్టి చూసే పిల్లలు చాలామందే ఉంటారు. ఆ ఐదింట ఒక వంతులో ఎంతమంది ఎలాగూ నేర్చుకునేవాళ్లే అన్నది పోల్చడానికి ఇంకో గుంపు లేకుండా చెప్పలేం. గేమ్ ఆడినవాళ్లను, ఆడనివాళ్లను, మొదట్లో ఒకే రకం ఆసక్తి ఉన్నవాళ్లను తీసుకుని ఏడాది తర్వాత మళ్లీ చూస్తేనే లెక్క తేలుతుంది. నీకు స్ఫూర్తి కలిగిందా అని ఒక్కసారి అడిగితే వచ్చే జవాబు అంత బరువు మోయలేదు.

అమ్మకాల లెక్కలు ఏమంటున్నాయి

గేమ్ ప్రభావం చాలా స్పష్టంగా కనిపించిన చోటు ఒకటుంది: పాటల అమ్మకం. గిటార్ హీరో మూడో భాగంలో చివరి, అతి కష్టమైన పాటగా చేరాక డ్రాగన్‌ఫోర్స్ అనే బ్యాండ్ పేరు అంతకుముందు వినని లక్షల మందికి తెలిసింది, వాళ్ల పాటల అమ్మకాలు ఎగిశాయి. పాట నచ్చితే కొనడానికి ఒక్క క్లిక్ చాలు. అందుకే గేమ్ విడుదలైన కొన్నాళ్లకే ఆ ప్రభావం అంకెల్లో కనిపించింది.

గిటార్ల విషయంలో అంత సూటి గీత దొరకదు. 2017లో అమెరికన్ పత్రికల్లో వచ్చిన లెక్కల ప్రకారం, అంతకు ముందు పదేళ్లలో అక్కడ ఎలక్ట్రిక్ గిటార్ల వార్షిక అమ్మకాలు సుమారు 15 లక్షల నుంచి 10 లక్షలకు కాస్త పైకి దిగాయి. అంటే గిటార్ హీరో తరం పెరిగి పెద్దదైన కాలమంతా గిటార్ మార్కెట్ దిగుతూనే ఉంది. దీన్నిబట్టి గేమ్ పని చేయలేదని తేల్చేయడం కూడా తొందరపాటే. 2008 మాంద్యం ఆ మధ్యలోనే వచ్చింది. హిప్ హాప్, ఎలక్ట్రానిక్ సంగీతం ముందుకొచ్చి రాక్ వెనక్కి తగ్గింది. కంప్యూటర్ మీదే పాట కట్టడం తేలికైంది. గేమ్ లేకపోతే ఇంకా పడిపోయేదేమో. కానీ ఒక తరం మొత్తాన్ని గిటార్ వైపు తిప్పేంత బలం గేమ్‌కి ఉంటే, ఆ జాడ ఇంత మసకగా ఉండేది కాదు.

2020 దీనికి మంచి పోలిక. ఆ ఏడాది కొత్త మ్యూజిక్ గేమ్ ప్రభంజనం ఏదీ లేదు. అయినా లాక్‌డౌన్‌లో గిటార్లు విపరీతంగా అమ్ముడుపోయాయి, గిటార్లు తయారుచేసే ఫెండర్ సంస్థ తన చరిత్రలోనే అత్యధిక అమ్మకాలు ఆ ఏడాదే చూసింది. అప్పుడు జనానికి కొత్తగా దొరికింది స్ఫూర్తి కాదు, ఖాళీ సమయం. నేర్చుకోవాలన్న కోరిక చాలామందిలో ముందే ఉంటుందని, దాన్ని ఆపేది వేరే ఏదో అని ఈ పోలిక సూచిస్తుంది.

చేతికి ఏం వస్తుంది

నైపుణ్యం ఒక పని నుంచి ఇంకో పనికి ఎప్పుడు బదిలీ అవుతుందన్న దానిపై 1901లో థార్న్‌డైక్, వుడ్‌వర్త్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చెప్పిన సూత్రం ఇప్పటికీ మంచి కొలబద్ద. రెండు పనుల్లో ఉమ్మడి అంశాలు ఎన్ని ఉంటే అంతే బదిలీ. ఈ కొలబద్దతో చూస్తే మ్యూజిక్ గేమ్స్ అన్నీ ఒక గాటన కట్టాల్సినవి కావు.

గిటార్ హీరోలో ఈజీ స్థాయికి మూడు బటన్లు, మీడియంకి నాలుగు, ఆపైన ఐదు. బటన్ నొక్కితే నొక్కినట్టు, లేకపోతే లేనట్టు. మధ్యస్థం ఉండదు. ఇప్పుడు అసలు గిటార్ మీద మొదటి వారంలో నేర్పే జి కార్డ్ చూద్దాం. కార్డ్ అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించడం, ఫ్రెట్ అంటే గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీత. నడిమి వేలు ఆరో తీగ మూడో ఫ్రెట్ మీద, చూపుడు వేలు ఐదో తీగ రెండో ఫ్రెట్ మీద, ఉంగరపు వేలు అన్నిటికంటే కింద ఉన్న మొదటి తీగ మూడో ఫ్రెట్ మీద ఉండాలి. వేలు ఫ్రెట్ లోహానికి కాస్త దూరమైతే తీగ జుయ్యిమంటుంది. వేలు వాలితే పక్క తీగకు తగిలి అది మూగబోతుంది. నొక్కు చాలకపోతే మోగదు, ఎక్కువ నొక్కితే వేలి కొన మండుతుంది. ఇదంతా కుదిరాక సి కార్డ్‌కి మారాలంటే మూడు వేళ్లూ ఒకేసారి లేచి, ఒకేసారి వేరే మూడు చోట్ల వాలాలి. ఈలోపు తాళం ఆగకూడదు. గేమ్‌లో ఇదే మార్పు ఆకుపచ్చ బటన్ నుంచి ఎరుపు బటన్‌కి వెళ్లడం. వేలి కొనలు గట్టిపడి నొప్పి తగ్గడానికే కొన్ని వారాలు పడుతుంది. ఎక్స్‌పర్ట్ స్థాయిలో ఐదు నక్షత్రాలు సాధించిన వేళ్లకు కూడా ఈ వారాల్లో మినహాయింపేమీ ఉండదు.

అలాగని గిటార్ గేమ్ వల్ల వచ్చేది శూన్యం అనలేం. ఎడమ చేయి ముందు సిద్ధమై కుడి చేయి సమయానికి మీటాలన్న సమన్వయం వస్తుంది. కొట్టే ప్రతి నోటూ తాళంలో ఎక్కడ పడుతుందో ఒంటికి పడుతుంది. బ్యాండ్ మొత్తం మోగుతుంటే అందులో గిటార్ లైను ఒక్కదాన్ని విడదీసి వినే చెవి వస్తుంది, బహుశా ఇదే అన్నిటికంటే విలువైనది. అంతకు ముందు పాటంటే గాయకుడి గొంతే అనుకున్న పిల్లలకు, దాని కింద బేస్ ఏం చేస్తోందో వినిపించడం మొదలవుతుంది.

డ్రమ్స్ కథ వేరు. రాక్ బ్యాండ్ డ్రమ్ సెట్‌కి నాలుగు ప్యాడ్లు, కాలి కింద ఒక పెడల్. ఎరుపు ప్యాడ్ స్నేర్ (చురుగ్గా మోగే చిన్న డ్రమ్), పసుపు ఎక్కువగా హై-హ్యాట్ (జంట తాళాలు), పెడల్ కిక్ (కాలితో మోగించే పెద్ద డ్రమ్). మామూలు రాక్ తాళం ఒకటి తీసుకుంటే, నాలుగు మాత్రల్లో కుడి చేయి పసుపు మీద సమంగా ఎనిమిది దెబ్బలు కొడుతుంటే, ఎడమ చేయి రెండో, నాలుగో మాత్రల మీద ఎరుపు కొట్టాలి, కుడి కాలు ఒకటో, మూడో మాత్రల మీద తొక్కాలి. కొత్తవాళ్లకు మొదట్లో కాలు చేయిని అనుసరించిపోతుంది, చేయి కొట్టినప్పుడల్లా కాలూ పడిపోతుంది. ఈ ముడి విడదీయడమే డ్రమ్స్‌లో మొదటి పెద్ద మెట్టు. గేమ్‌లో విడదీసుకున్నా, అసలు సెట్ మీద విడదీసుకున్నా పని ఒకటే. పై స్థాయిల్లో గేమ్ చూపించే దెబ్బలు రికార్డులో డ్రమ్మర్ వాయించినవాటికి చాలా దగ్గరగా ఉంటాయి. కర్ర పట్టు, దెబ్బలో బలం తేడాలు, కర్ర తిరిగి లేచే తీరు, ఎడమ కాలితో హై-హ్యాట్ మూసి తెరవడం మాత్రం గేమ్‌లో రావు. అయినా రాక్ బ్యాండ్‌లో ఆరితేరినవాళ్లు అసలు డ్రమ్స్ ముందు కూర్చుంటే మొదటి రోజే ఒక తాళం నిలబెట్టగలగడం అతిశయోక్తి కాదు.

మైక్ ఇంకా దగ్గర. గేమ్ నిజంగానే శృతిని కొలుస్తుంది. గొంతు స్థాయి (ఆక్టేవ్) ఏదైనా ఫర్వాలేదు, స్వరం కలిస్తే చాలు. శృతి పక్కకు పోతే స్క్రీన్ మీద బాణం గీతకు పైనో కిందో తేలుతుంది. శృతి తప్పుతున్నామని తెలియని గొంతుకు అది కంటికి కనబడే అద్దం. ఊపిరి పట్టు, గొంతులో నాణ్యం మాత్రం అది పట్టించుకోదు. పదాలు పలక్కుండా కూనిరాగం తీసినా పాయింట్లు వస్తాయి.

స్క్రీన్ తీసేస్తే

ఈ ఆటల్లో ఇంకో చిక్కుంది, అది పరికరంలో లేదు, స్క్రీన్‌లో ఉంది. ఏది ఎప్పుడు నొక్కాలో స్క్రీన్ ప్రతి క్షణం చెబుతూనే ఉంటుంది. తప్పు చేస్తే అక్కడికక్కడే తెలుస్తుంది. నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఏముంటుందనిపిస్తుంది. శరీర కదలికలు నేర్చుకోవడం మీద 1984లో సాల్మొనీ, ష్మిత్, వాల్టర్ అనే పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ పరిశీలించి వేరే మాట చెప్పారు. ఎప్పుడూ పక్కనే ఉండే సూచన, ఆ సూచన ఉన్నంతసేపూ పనిని మెరుగ్గా కనబరుస్తుంది. దాన్ని తీసేశాక నేర్పు నిలవదు. మనిషి తన తప్పును తాను పట్టుకోవడం మానేసి సూచన మీద ఒరిగిపోవడమే అందుకు కారణం.

పియానో విషయంలో ఇది బాగా కనిపిస్తుంది. పైనుంచి రంగు పలకలు కీల మీదికి జారిపడే సింథీషియా ప్రోగ్రామ్ గిటార్ హీరోని చూసి పుట్టిందే. మొదట దాని పేరు పియానో హీరో, యాక్టివిజన్ అభ్యంతరంతో మార్చుకున్నారు. దాంతో ఒక పాటను కొద్ది రోజుల్లో పట్టేయవచ్చు. అసలు కీబోర్డు మీదే వాయిస్తారు కాబట్టి ఇది బటన్ల ఆట కాదు, వచ్చేది నిజమైన సంగీతమే. కానీ చాలామంది ఆ పాటను కీల స్థానాల వరసగా గుర్తుపెట్టుకుంటారు. ఏ వేలు వాడాలో, ఆ స్వరాలు కలిసి ఏ కార్డ్ అవుతున్నాయో, ఇంకో పాటలో అదే కార్డ్ ఎలా గుర్తుపట్టాలో ఆ పలకలు చెప్పవు. ఒక్కో పాటా విడిగా బట్టీ పట్టాల్సిందే, పదో పాట మొదటి పాటంత కష్టంగానే ఉంటుంది. స్వరలిపి చదవడం నేర్చుకున్నవాళ్లకు మొదట్లో నత్తనడక, తర్వాత వేగం. ఇక్కడ తిరగబడుతుంది.

ఆరంభశూరత్వం

అసలు వాయిద్యాల ప్రపంచంలో పెద్ద సమస్య మొదలుపెట్టేవాళ్లు లేకపోవడం కాదు. గిటార్ కొన్న కొత్తవాళ్లలో దాదాపు 90 శాతం మంది ఏడాదిలోపే వదిలేస్తారని ఫెండర్ అధిపతిగా ఉన్నప్పుడు ఆండీ మూనీ పదే పదే చెప్పేవారు. తమ సరుకు కొన్నవాళ్ల గురించి ఒక సంస్థ అధిపతి ఒప్పుకున్న అంకె ఇది. 2017లో ఆ సంస్థ ఫెండర్ ప్లే పేరుతో ఆన్‌లైన్ పాఠాలు మొదలుపెట్టింది. కొత్తవాళ్లను ఆకర్షించడం కంటే వచ్చినవాళ్లు పారిపోకుండా చూడటమే లాభమని ఆ వ్యాపారానికి అర్థమైందన్నమాట.

గేమ్ నుంచి వచ్చిన పిల్లలకు ఈ మొదటి ఏడాది మిగతావాళ్లకంటే కఠినంగా ఉండే ప్రమాదం ఉంది. గేమ్‌లో మొదటి సాయంత్రమే స్టేడియం హోరెత్తుతుంది. అసలు గిటార్ మీద మొదటి నెలంతా నిలబడి వినదగ్గ ముక్క ఒక్కటీ రాదు. గేమ్‌లో కష్టం మెట్లు మెట్లుగా పేర్చి ఉంటుంది, గిటార్‌లో మొదటి మెట్టే ఎత్తు. పాయింట్లు, నక్షత్రాలు అలవాటైన ఆడేవాడికి ఏ మార్కూ వేయని ఆరు తీగలు విసుగ్గా అనిపించడంలో వింతేమీ లేదు. ఇష్టంగా బొమ్మలు వేసే చిన్న పిల్లలకు, వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పి, తర్వాత ఆ బహుమతి తీసేస్తే బొమ్మలు వేయడం తగ్గిపోయిందని 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ చేసిన ప్రయోగం చూపించింది. అది గేమ్స్ మీద చేసింది కాదు. బయటి బహుమతికి అలవాటుపడ్డ ఇష్టం ఎలా నీరసిస్తుందో మాత్రం చెబుతుంది.

మరోవైపు గేమ్‌కి అనుకూలమైన అంశం కూడా ఉంది. ఆస్ట్రేలియాలో గ్యారీ మెక్‌ఫర్సన్ 150 మందికి పైగా పిల్లలను, వాయిద్యం మొదలుపెట్టే ముందు నుంచీ ఏళ్ల తరబడి గమనించారు. మొదటి పాఠానికి ముందే వాళ్లను అడిగిన ప్రశ్నల్లో ఒకటి, ఈ వాయిద్యం ఎన్నాళ్లు వాయిస్తావని. చాలాకాలం వాయిస్తానన్న పిల్లలు, కొన్నాళ్లేనన్న పిల్లలతో సమానంగా సాధన చేసినా ఎక్కువ ముందుకెళ్లారు. తాను వాయించే మనిషినన్న భావన ముందే ఉండటం, పాఠాలకంటే ముందే పని మొదలుపెట్టేసింది. గేమ్ ఇవ్వగలిగింది బహుశా ఇదే. వేళ్లకు కాదు, ఊహకు. స్టేజ్ మీద గిటార్ వేసుకుని నిలబడ్డ మనిషిగా తనను తాను చూసుకోవడం అంతకు ముందు ఎన్నడూ తట్టని పిల్లలకు, గేమ్ ఆ బొమ్మ చూపిస్తుంది. సర్వేల్లో వినిపించిన ఉత్సాహానికి ఇది సరిపోయే వివరణ. ఆ ఊహ ఆవిరయ్యేలోపు ఇంట్లోనో బడిలోనో అసలు వాయిద్యం చేతికి అందితే కథ ముందుకెళ్తుంది. లేకపోతే తర్వాతి గేమ్ వస్తుంది.

అసలు వాయిద్యమే కంట్రోలర్ అయితే

ఈ అంతరాన్ని పూడ్చాలన్న ప్రయత్నాలు గిటార్ హీరో కంటే పాతవి. 1990లోనే మిరకిల్ పియానో అనే సెట్ వచ్చింది. నింటెండో గేమ్ పెట్టెకు నిజమైన కీబోర్డు తగిలించి, సరైన కీ నొక్కితే బాతులను కాల్చే ఆటలతో పాఠాలు చెప్పేది. ధర ఎక్కువ, కొన్నవాళ్లు తక్కువ. 2010లో రాక్ బ్యాండ్ మూడో భాగం, అసలు వాయిద్యం లాగే వాయించాల్సిన ప్రో మోడ్‌తో వచ్చింది. దానికోసం చేసిన ఒక గిటార్ మెడ మీద, ఆరు తీగలకూ పదిహేడు ఫ్రెట్ల చొప్పున 102 బటన్లు. తర్వాత నిజం తీగలున్న స్క్వయర్ (ఫెండర్ వాళ్ల బ్రాండ్) గిటార్ కూడా తెచ్చారు. చదువు పరంగా చూస్తే హార్మోనిక్స్ చేసిన అత్యుత్తమ పని అదే అనొచ్చు. మార్కెట్ మాత్రం అప్పటికే చల్లబడింది. అటకెక్కిన ప్లాస్టిక్ గిటార్ పక్కన ఇంకోటి కొనడానికి జనం సిద్ధంగా లేరు.

2011లో యుబిసాఫ్ట్ రాక్‌స్మిత్ వేరే దారి పట్టింది. ప్రత్యేక పరికరం అంటూ ఒక కేబుల్ మాత్రమే. ఎవరి ఎలక్ట్రిక్ గిటార్ వాళ్లు దానితో యూఎస్‌బీకి కలుపుకోవచ్చు. మొదట పాటలో అక్కడక్కడ ఒక్కో నోట్ అడుగుతుంది. సరిగ్గా పడుతుంటే నోట్లు చేరుస్తూ పోతుంది, తడబడితే తగ్గిస్తుంది. కొరుకుడుపడని ముక్కను నెమ్మది చేసి మళ్లీ మళ్లీ వాయించుకోవచ్చు. ఇక్కడ బదిలీ అన్న ప్రశ్నే రాదు, ఆడే ఆటే వాయిద్యం. యూసీషియన్, సింప్లీ పియానో లాంటి యాప్‌లు అదే ఆలోచనను ఫోన్‌కి తెచ్చాయి, కేబుల్ కూడా లేకుండా మైక్‌తో వింటాయి.

వీటి పరిమితి వేరే రకం. సాఫ్ట్‌వేర్‌కి శబ్దం వినిపిస్తుంది, మనిషి కనిపించడు. సరైన స్వరం పలికితే సరే అంటుంది. అది ఏ వేలితో పలికిందో, మణికట్టు ఎంత వంగి ఉందో, భుజం బిగుసుకుపోయిందో దానికి తెలియదు. ఆరు నెలలు తప్పు వేలితో సాధన చేసి పచ్చ టిక్కులు తెచ్చుకున్నవాళ్లు, తర్వాత టీచర్ దగ్గరికి వెళ్తే ఆ అలవాటు విడిపించడానికే సమయం పోతుంది. ఇంకో తేడా కూడా ఉంది. రాక్‌స్మిత్ కొనాలంటే ఇంట్లో గిటార్ ఉండాలి, లేదా కొనే ఉద్దేశమైనా ఉండాలి. అంటే అది స్ఫూర్తి పొందినవాళ్ల కోసం వచ్చిన సాధనం, స్ఫూర్తి లేనివాళ్లకు అది పుట్టించేది కాదు. ఆ పని చేసింది ప్లాస్టిక్ గిటారే. నేర్పగలిగిన గేమ్ కొద్దిమందికే చేరింది, కోట్ల మందికి చేరిన గేమ్ నేర్పలేకపోయింది.

ఈ గొడవ కొత్తది కాదు

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ప్లేయర్ పియానో మీద ఇదే చర్చ నడిచింది. కన్నాలు కొట్టిన కాగితం చుట్ట పెట్టి పెడల్ తొక్కితే పియానో తనంతట తాను మోగుతుంది. వేగం, హెచ్చుతగ్గులు మాత్రం తొక్కేవారి చేతిలో ఉంటాయి. పాట ఇంకొకరిది, వాయిస్తున్నామన్న అనుభూతి మనది. ఇలాంటి యంత్రాల వల్ల ఇళ్లలో సరదాగా వాయించేవాళ్లు కనుమరుగవుతారని అమెరికన్ బ్యాండ్ సారథి జాన్ ఫిలిప్ సౌసా 1906లో హెచ్చరించారు. 1920ల మొదట్లో అమెరికాలో తయారైన పియానోల్లో సగానికి పైగా ఈ రకానివే. వాటిని దెబ్బతీసింది సంగీతజ్ఞుల విమర్శ కాదు, రేడియో, మెరుగైన రికార్డులు, ఆ వెంటనే వచ్చిన మహామాంద్యం. పియానో నేర్చుకునేవాళ్లు మాత్రం ఆ తర్వాతా ఉన్నారు.

ముందు ముందు

మ్యూజిక్ గేమ్స్ మళ్లీ వార్తల్లోకి వచ్చాయి. 2021లో హార్మోనిక్స్‌ను ఎపిక్ గేమ్స్ కొనేసింది. 2023 డిసెంబర్‌లో ఎపిక్ వాళ్ల ఆన్‌లైన్ గేమ్ ఫోర్ట్‌నైట్ లోపలే ఫెస్టివల్ పేరుతో రాక్ బ్యాండ్ తరహా ఆట మొదలైంది. ఆడటానికి డబ్బు కట్టక్కర్లేదు. కొత్తగా ప్లాస్టిక్ గిటార్లు కూడా మళ్లీ తయారవుతున్నాయి. 2005తో పోలిస్తే ఇప్పుడు ఇలాంటి ఆట ముందుకు వచ్చే పిల్లల సంఖ్య ఎన్నో రెట్లు ఎక్కువ.

అయితే వాళ్లలో ఎక్కువమంది దీన్ని మామూలు గేమ్‌ప్యాడ్‌తోనో, కీబోర్డుతోనో ఆడతారు. భుజాన గిటార్ వేసుకుని నిలబడటం ఉండదు, కర్రలు పట్టుకుని నిజంగా కొట్టడం ఉండదు. డ్రమ్స్ విషయంలో కాళ్లూ చేతుల ముడి విప్పిన శిక్షణ ఇక్కడ పూర్తిగా మాయమవుతుంది. మిగిలేది తాళజ్ఞానం, వేళ్ల వేగం, కొత్త పాటల పరిచయం. మరోవైపు అప్పట్లో లేనిది ఇప్పుడు ఒకటుంది. గేమ్‌లో నచ్చిన పాటను అసలు గిటార్ మీద ఎలా వాయించాలో చూపే వీడియో, రెండు క్లిక్కుల దూరంలో, ఉచితంగా దొరుకుతుంది. 2006లో ప్లాస్టిక్ గిటార్ పట్టిన పిల్లలకు మోజు పుట్టినా తర్వాతి మెట్టు కోసం పాఠం చెప్పేవాళ్లను వెతుక్కోవాల్సి వచ్చేది. కోరిక పుట్టించే బలం కొంత తగ్గి, పుట్టిన కోరికకు దారి దగ్గరవడం వల్ల మొత్తం ఫలితం ఎటు మొగ్గుతుందో వాయిద్యాల అమ్మకాల్లో అంత తేలిగ్గా కనబడదు. ముందు తెలిసేది పాఠాలు చెప్పేవాళ్లకే. కొత్తగా చేరే పిల్లలు మొదటి రోజు ఏ పాట నేర్పమని అడుగుతున్నారో, ఆ పాట వాళ్లు ఎక్కడ విన్నారో వాళ్లకు తెలుసు.